బురద కింద చిక్కుకున్న బావులు

ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తిన రోజుల్లో కృష్ణ ఎర్రగా, చిక్కగా పారుతుంది. ఆ ఒండ్రంతా హంసలదీవి దాటి సముద్రంలోకి దిగి, పొర మీద పొరగా పేరుకుంటుంది. కృష్ణా, గోదావరులు కోట్ల ఏళ్లుగా మోసుకొచ్చిన మట్టే కేజీ బేసిన్‌లో చాలా భాగం. మనం తవ్వుకుంటున్న చమురూ గ్యాసూ అలాంటి పొరల అడుగునే దొరికాయి. అయితే నదీముఖాల దగ్గర సముద్రపు అడుగు గట్టినేల కాదు. పెద్ద తుపాను కుదిపితే వాలు వెంబడి జారిపోగల మెత్తటి బురద.

2004 సెప్టెంబరులో అమెరికాలో జరిగింది అదే. ఐవాన్ హరికేన్ అలల తాకిడికి మిసిసిపి నదీముఖం దగ్గర బురద జారి, టేలర్ ఎనర్జీ అనే కంపెనీ చమురు ప్లాట్‌ఫాం కూలిపోయింది. దాని కిందున్న ఇరవైకి పైగా బావుల పైపులు వంగి, మెలికలు పడి, బురదలో కూరుకుపోయాయి. అక్కడ నీటిలోతు 140 మీటర్లే. అయినా 2011 నాటికి మూయగలిగింది 9 బావులనే. కారుతున్న చమురును అడుగునే పట్టే ఏర్పాటు పెట్టేసరికి 2019 వచ్చింది.

ఎందుకంత కష్టం? పైన బలమైన మూత బిగిస్తే చాలదా?

చాలదు. చమురును కోట్ల ఏళ్లపాటు కదలకుండా ఆపింది దాని నెత్తిన ఉన్న, నూనె చొరనివ్వని రాతిపొర. మనం బావి తవ్వి ఆ పొరకు చిల్లు పెట్టాం. కాబట్టి పూడ్చాల్సింది ఆ చిల్లును, ఆ లోతులోనే. పల్నాడులో నీళ్లు పడని బోరును కూడా అడుగు నుంచి నేలమట్టం దాకా నింపాలనే సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. చమురు బావిలోనైతే అడుగున ఒత్తిడి కూడా తోడవుతుంది. బావిలో దించిన ఉక్కు గొట్టానికీ, అంటే కేసింగ్‌కూ, చుట్టూ ఉన్న రాతికీ మధ్య సిమెంటు పోస్తారు. అందులో సన్నని సందు మిగిలినా గ్యాస్ దాని వెంట పాకి, మూతను తప్పించుకుని పక్కనుంచి పైకొస్తుంది. అందుకే ముందు కేసింగ్ లోపలికి ధ్వని పరికరం దించి బయటి సిమెంటు పట్టు ఎలా ఉందో చూస్తారు. పట్టు లేదని తేలితే ఆ మేర ఉక్కును గీకి తీసేసి, ఇటు రాయి నుంచి అటు రాయి దాకా కొత్త సిమెంటు నింపుతారు.

సిమెంటులోనూ ఒక చిక్కుంది. పోసినప్పుడు అది ద్రవం, తన బరువుతో గ్యాస్‌ను అణచిపెడుతుంది. గట్టిపడ్డాక రాయి, తన బలంతో ఆపుతుంది. ఈ రెంటి మధ్య కొన్ని గంటలుంటాయి. అప్పుడది జావలా బిగుసుకుంటూ కిందికి ఒత్తిడి అందించడం మానేస్తుంది, ఇంకా బలం మాత్రం రాదు. ఆ వ్యవధిలో దూరిన గ్యాస్ చేసిన దారులు సిమెంటులో అలాగే మిగిలిపోతాయి. నా దృష్టిలో ఈ పని మొత్తంలో అతి సున్నితమైన ఘడియలు ఇవే.

సిమెంటు పోయడానికి ముందు బావిని శాంతింపజేయాలి. పది మీటర్ల నీటికి సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున, మూడు వేల మీటర్ల నీటి స్తంభం 300 వాతావరణ పీడనాలిస్తుంది. అడుగున గ్యాస్ 450తో తోస్తుంటే నీటికి ఒకటిన్నర రెట్లు బరువైన ద్రవం కావాలి. ఆ బరువు కోసం కలిపేది ముగ్గురాయి పొడి, అంటే బెరైటీస్. నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువు. ప్రపంచంలోని అతిపెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి మన మంగంపేటలో ఉంది. ఎక్కడో సముద్రంలో అదుపు తప్పిన బావులను అణచడంలో మన రాయలసీమ రాయికీ వాటా ఉందంటే నాకు గర్వంగానే ఉంటుంది.

పైపు వంగిపోతే పైనుంచి ఇవేవీ దించలేం. అప్పుడు దూరంగా మరో బావి తవ్వి, ఏటవాలుగా వెళ్లి పాతదాన్ని లోతులో తాకాలి. నేలలోకి విద్యుత్తు పంపితే అది పాత ఉక్కు పైపులోకి చేరి అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది. దాని ఆనవాలు పట్టుకుని వెళ్తారు. ఆస్ట్రేలియా దగ్గర మోంటారా బావి 2009లో అదుపు తప్పినప్పుడు, రెండున్నర కిలోమీటర్ల లోతులో పాతిక సెంటీమీటర్ల పైపును తాకడానికి ఐదు ప్రయత్నాలు పట్టాయి. మెక్సికో సింధుశాఖలో 2010లో పేలి పదకొండు మంది ప్రాణాలు తీసిన మకాండో బావికి జులై 15న పైన మూత పడింది, చమురు ఆగింది. కానీ పక్కబావి నుంచి అడుగున సిమెంటు పోశాక, సెప్టెంబరు 19న గానీ బావి పూర్తిగా మూతపడిందని ప్రకటించలేదు.

చివరగా సముద్రపు అడుగుకు కొన్ని మీటర్ల కిందనే పైపులు కోసి తీసేస్తారు. అమెరికా నిబంధన సుమారు నాలుగున్నర మీటర్లు. మొండి పైపుకు వల తగులుకుంటే ఏమవుతుందో నిజాంపట్నం మత్స్యకారులకు ఒకరు చెప్పనక్కర్లేదు.

కాకినాడ తీరానికి ఆవల కేజీ-డీ6 బ్లాకులోని డీ1, డీ3 గ్యాస్ క్షేత్రాలు 2009లో మొదలై 2020 ఫిబ్రవరిలో ఆగిపోయాయి. ఉత్పత్తి ముగిసే బావులు మన తీరంలో ఇక పెరుగుతాయి. పైపులు నిటారుగా ఉండగానే మూస్తే దారి తెలిసిన పని. 1977లో దివిసీమను ముంచిన ఉప్పెనను చూసిన తీరమిది, వాయిదా వేయడం నాకు సమ్మతం కాదు. గ్యాస్ అమ్ముడవుతున్నప్పుడే మూసివేత ఖర్చు విడిగా జమ చేసేందుకు మన దేశంలో 1999 నుంచే ఒక నిధి పథకం ఉంది. టేలర్ బావుల విషయంలో 2021 ఒప్పందం కింద అమెరికా ప్రభుత్వం చేతికొచ్చిన నిధి 43 కోట్ల 20 లక్షల డాలర్లు. బురద కింద మిగిలిన బావుల మూసివేతకు కేటాయించింది ఆ డబ్బునే.