హైవే వైఫై అపోహలు: ముందు కాల్ చేయండి, నెట్ తర్వాత

హైవే పక్కన హోటళ్లు, బంకులు ఉండే ప్లాజాల్లో వైఫై పెట్టడం, అది పడిపోతే మళ్లీ లేపడం నా పని. ఉండేది బెంగళూరు మారతహళ్లిలో, తిరిగేది హైదరాబాద్ రోడ్డు, చెన్నై రోడ్డు. నిచ్చెన మీద ఉండగానే కింద నుంచి ఎవరో ఒకరు అడుగుతారు: "తమ్ముడూ, పాస్‌వర్డ్ ఏంటి?" ఎందుకండీ అంటే, బండి ఆగిపోయింది, మెకానిక్ నంబరు వెతకాలి అంటారు.

అపోహ: నెట్ ఉంటేనే హైవే మీద సాయం దొరుకుతుంది.

జనం జేబుకి ఎక్కువ చిల్లు పెడుతున్నది ఇదే. నేషనల్ హైవే మీద 1033కి మామూలు కాల్ చేస్తే చాలు, రాత్రీ పగలూ పలుకుతారు. అంబులెన్సు, క్రేను, పెట్రోలింగ్ బండి వాళ్ల ద్వారానే వస్తాయి. లొకేషన్ పంపడానికి నెట్ లేదే అని కంగారొద్దు. రోడ్డు పక్కన పసుపు తల కిలోమీటరు రాయి ఉంటుంది. దాని మీద హైవే నంబరు, కిలోమీటర్లు, ఊరి పేరు ఏది కనిపిస్తే అది చదివి చెప్పండి. ఏ ఊరి వైపు వెళ్తున్నారో కూడా చెప్పాలి, లేకపోతే క్రేను డివైడర్‌కి అవతలి వైపు వచ్చి నిలబడుతుంది. రాయి తల ఆకుపచ్చగా ఉంటే అది స్టేట్ హైవే, అక్కడ 112 చేయండి.

మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోతే 1033 వెళ్లదు. 112 మాత్రం వేరే కంపెనీ టవర్ అందినా దాని మీదుగా పోతుంది. ప్రాణం మీదికొస్తే అదే నొక్కండి.

సంక్రాంతి రద్దీలో పెనుకొండ దగ్గర ఒక పెద్దాయన కారు వేడెక్కి ఆగింది. ఎండలో నడుచుకుంటూ ప్లాజాకి వచ్చి, వైఫై పట్టుకుని, క్రేను కోసం వెతికి, పైన వచ్చిన నంబరుకి ఫోన్ చేశారు. "అడ్వాన్సు పంపండి, బండి బయల్దేరుతుంది" అన్నాడు అవతలివాడు. ఈయన పంపారు, వాడు ఫోన్ ఆపేశాడు. నేను దిగి వచ్చి 1033కి, సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయించేటప్పటికీ ఆయన చేతులు వణుకుతూనే ఉన్నాయి. "నెట్‌లో ఉంది కదా బాబూ" అన్నారు. కారులో భార్య, మనవరాలు ఉన్న మనిషిని ఏమంటాం? నెట్‌లో నంబరు ఎవడైనా పెట్టుకోవచ్చు. ముందే డబ్బు అడిగితే ఫోన్ పెట్టేయండి.

అపోహ: వైఫై ఉంటే సిమ్ సిగ్నల్ అక్కర్లేదు.

వైఫైలో లాగిన్ అవ్వాలంటే ఫోన్‌కి ఓటీపీ రావాలి, సిగ్నల్ లేకపోతే అది ఎలా వస్తుంది మరి? పబ్లిక్ వైఫై వాడేవాళ్లెవరో నమోదు కావాలని టెలికాం శాఖ 2009లోనే చెప్పింది. దానికి నన్ను తిట్టి లాభం లేదు. రోడ్డు వైపు నాలుగడుగులు వేసి చూడండి, సిగ్నల్ అందొచ్చు. లాగిన్ పేజీయే రాకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో వీపీఎన్, ప్రైవేట్ డీఎన్ఎస్ అనేవి ఆన్‌లో ఉన్నాయేమో చూసి ఆపండి.

వైఫై గీతలు నిండుగా ఉన్నా వీడియో తిరుగుతూనే ఉందా? ఆ గీతలు మీ ఫోన్‌కీ నా బాక్సుకీ మధ్యవి. బాక్సు వెనక లైను వేరు. స్లీపర్ బస్సులు వరసగా ఆగితే ఒకే కొళాయి దగ్గర ఊరి బిందెలన్నీ చేరినట్టే.

పాస్‌వర్డ్ లేని ఓపెన్ వైఫై తగలగానే ఖాతా ఖాళీ అన్నది వాట్సాప్ పుకారు. పేమెంట్ యాప్‌లు పంపేదంతా ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే మధ్యలో ఎవరూ చదవలేని కోడ్‌గా మారే పోతుంది. వైఫై పేజీ కార్డు నంబరు అడిగినా, యాప్ వేసుకోమన్నా మాత్రం బయటికి వచ్చేయండి.

జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు, మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. ఫాస్టాగ్‌కి మీ ఫోన్‌తో పనే లేదు, అద్దం మీది ట్యాగ్‌ని టోల్ రీడరే చదువుకుంటుంది. ట్యాగ్ బాగుండి, డబ్బులుండి, వాళ్ల రీడరే పాడైతే టోల్ తీసుకోకుండా వదలాలని 2018 నిబంధన ఉంది. కౌంటర్ అబ్బాయి మీద అరవకుండా టోల్ సున్నా అని ఉండే జీరో రసీదు అడగండి.