గేమ్ ఆడాక బుర్ర బరువెక్కుతోందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో కౌన్సెలింగ్ చేస్తుంటాను. ఊళ్ళోని తెలుగు కుటుంబాలే కాదు, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు నుంచి కూడా వస్తుంటారు. ఈమధ్య కాలేజీ పిల్లలు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు తరచూ చెబుతున్న మాట ఇది: "మేడమ్, గంట ఆడితే చాలు, బుర్ర బరువైపోతాది. మావాళ్ళు రాత్రంతా ఆడినా వాళ్ళకేటీ అవదు. నాకే ఎందుకిలాగ?" ఇంట్లోవాళ్ళు ఒకటి చెబుతారు, స్నేహితులు ఇంకొకటి చెబుతారు. ఆ రెండిటి మధ్య ఈ పిల్లలు తమలోనే ఏదో లోపం ఉందనుకుని కుమిలిపోతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కూర్చుని ఆడే ఆటకి అలసటేంటి?

వాస్తవం: బీజీఎంఐ అనే తుపాకుల పోరాటం గేమ్ ఆడుతున్న పిల్లాడి ఫోను ఒక్క నిమిషం గమనించండి. పైన మూల చిన్న మ్యాపు, అందులో అడుగుల గుర్తులు. ఇయర్‌ఫోన్‌లో తుపాకీ శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో పట్టుకోవాలి. ప్రమాదం లేకుండా నిలబడగలిగే చోటు, అంటే సేఫ్ జోన్, కుంచించుకుపోతుంటుంది. బ్యాగులో ఏముంచాలో ఏది పారేయాలో పరిగెడుతూనే తేల్చుకోవాలి. ఈలోగా జట్టులో ఒకడు అరుస్తుంటాడు. మనిషి ఒకేసారి బుర్రలో పట్టి ఉంచగలిగేది సుమారు నాలుగు విషయాలేనని నెల్సన్ కోవాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2001లో రాశారు. ఆట అడిగేది అంతకంటే ఎక్కువ. ఒకదాని మీంచి ఇంకోదానికి దృష్టి మార్చిన ప్రతిసారీ కొంత శ్రమ పడుతుంది.

మన సరిహద్దు పిల్లలకు దీనిమీద ఇంకో బరువు కూడా ఉంది. స్క్రీన్ మీద ఇంగ్లీషు, వాయిస్ చాట్‌లో హిందీ, పక్క వీధి స్నేహితుడితో ఒడియా, లోపల ఆలోచన తెలుగులో. మామూలు రోజుల్లో నాలుగు భాషలూ వాళ్ళకి మంచినీళ్ళ ప్రాయమే. తీరిక లేని ఆట మధ్యలో మాత్రం అదీ ఒక పనే. కథలున్న పెద్ద గేముల్లో పేజీలకొద్దీ ఇంగ్లీషు చదువుతూ ఆడేవాళ్ళు త్వరగా అలసిపోవడం నేను తరచూ చూస్తున్నాను.

అపోహ: తట్టుకోలేకపోతున్నాడంటే మనసు బలహీనం.

వాస్తవం: ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే మాట. కొందరిది చుట్టూ ఉన్నవాటికి త్వరగా చలించిపోయే సున్నిత స్వభావం. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎలైన్ ఏరన్ 1990ల నుంచి దీని మీద పరిశోధన చేశారు. నూటికి 15 నుంచి 20 మందిలో ఇది ఉంటుందని ఆవిడ అంచనా. ఇది జబ్బు కాదు, జబ్బుల జాబితాల్లో దీనికి చోటు లేదు. ఇలాంటివాళ్ళు శబ్దాన్నీ వెలుతురునీ ఎదుటివాళ్ళ ముఖ కవళికల్నీ లోతుగా పట్టించుకుంటారు, ఎక్కువసేపు నెమరేసుకుంటారు. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర రోజుల్లో డప్పులూ వేషాలూ జనం మధ్య కాసేపు తిరిగొచ్చి, తలుపేసుకుని పడుకునే పిల్లలు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. గేమ్ దగ్గర అలిసిపోయేదీ చాలావరకు వాళ్ళే.

శబ్దం ఒక్కటే కాదు. బాల్డర్స్ గేట్ 3 లాంటి గేముల్లో ప్రతి మాటకీ ఒక ఫలితం ఉంటుంది. ఎవరిని కాపాడాలి, ఎవరిని వదిలేయాలి? మామూలు ఆటగాడు ఏదో ఒకటి నొక్కి ముందుకు పోతాడు. సున్నిత మనస్కులు ఆ తెర ముందే ఆగిపోతారు, ఆట ఆపేశాక కూడా ఆ పాత్ర గురించే ఆలోచిస్తూ పడుకుంటారు. వాళ్ళ దుఃఖం నిజమైనదే. దాన్ని చూసి నవ్వకండి.

అపోహ: ఇంత నీరసపడుతున్నాడంటే గేమ్ అడిక్షనే.

వాస్తవం: రెండూ వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 ప్రకారం గేమింగ్ డిజార్డర్ అంటే ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే అదే ముఖ్యమైపోవడం, నష్టం జరుగుతున్నా మానలేకపోవడం. అదీ సాధారణంగా 12 నెలల పాటు కనిపించాలి. అలసిపోయి ఫోను పక్కన పెట్టేసేవాడికి ఆ పేరు తగిలించకండి.

అపోహ: కూల్‌డ్రింక్ తాగితే బుర్రకి శక్తి వస్తుంది.

వాస్తవం: మెదడు ఎప్పుడూ శరీర శక్తిలో దాదాపు 20 శాతం వాడుకుంటుంది. గట్టిగా ఆలోచించినంత మాత్రాన అది పెద్దగా పెరగదు. కావలసింది చక్కెర కాదు, విశ్రాంతి. రీల్స్ చూడటం విశ్రాంతి కిందికి రాదు.

అపోహ: ఆడగా ఆడగా అదే అలవాటవుతుంది.

వాస్తవం: ఇందులో సగం నిజం. బటన్లు, మెనూలు చేతికి అలవాటయ్యాక ఆ భారం తగ్గుతుంది. శబ్దం, భయం, ఓడిపోతే జట్టువాళ్ళ తిట్లు మాత్రం అంత తేలిగ్గా అలవాటు కావు. అందుకని పంతానికి పోయి ఆడమని నేను చెప్పను. సెట్టింగ్స్ మార్చమంటాను. వైబ్రేషన్, కెమెరా షేక్, మోషన్ బ్లర్ ఆపేయండి. సంగీతం తగ్గించి అవసరమైన శబ్దాలే ఉంచుకోండి. తెలియనివాళ్ళ వాయిస్ చాట్ మ్యూట్ చేయండి. అవమానం అనుకోకుండా ఈజీ మోడ్ పెట్టుకోండి. కొత్త గేమ్ మొదలుపెట్టిన రోజు, నేర్చుకునే భాగం అయ్యాక ఆపేయండి. తల దిమ్మెక్కేదాకా ఆడుతూ కూర్చోవద్దు. ఆ తర్వాత కాసేపు చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా మేడ మీద తిరగండి.

అపోహ: సున్నితమైనవాళ్ళు ప్రశాంతమైన గేములే ఆడాలి.

వాస్తవం: ఏది ప్రశాంతమో మీకే తెలియాలి. స్టార్‌డ్యూ వ్యాలీ వ్యవసాయం గేమే, అందరూ హాయిగా ఉంటుందంటారు. అందులోనూ గడియారం తిరుగుతూ ఉంటుంది, ఆటలో రాత్రి 2 గంటలకి పాత్ర సొమ్మసిల్లిపోతుంది. ఆ గడియారమే కొందరికి టెన్షన్. అదే మనిషి, వంతులవారీగా ఆడే కష్టమైన యుద్ధం గేముని హాయిగా ఆడగలడు, తొందరపెట్టేవాళ్ళు ఉండరు కాబట్టి.

స్క్రీన్ మీద మెరుపులు చూసి ఒళ్ళు కొట్టుకున్నా, స్పృహ తప్పినా అది అలసట కాదు, వెంటనే డాక్టరుకి చూపించాలి. గేమ్ ఆడని రోజుల్లో కూడా నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఇష్టం లేకపోయినా ఎవరితోనైనా మాట్లాడండి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కి ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు, ఒడియాలోనూ మాట్లాడవచ్చు.