డైట్ చార్ట్ రాసేవాళ్ళు ఏం తింటున్నారు?

రోగికి ఉప్పు తగ్గించమని, వేళకి తినమని గట్టిగా చెప్పి వచ్చిన నర్సు, డ్యూటీ రూమ్‌లో చిప్స్ ప్యాకెట్ చింపుతూ కనబడితే మనకి నవ్వొస్తుంది. చెప్పేవన్నీ శ్రీరంగనీతులే అనేస్తాం. కానీ ఆవిడకి తెలియక కాదు. ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలని, పండ్లూ కూరగాయలూ కలిపి కనీసం 400 గ్రాములు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్కలు ఆవిడకి కంఠతా వచ్చి ఉండొచ్చు.

డాక్టర్ల సంగతి కొంచెం వేరు. పోషకాహారం గురించి వాళ్ళు చదివేది మనం అనుకునేంత ఉండదు. 2010లో అచ్చయిన ఒక సర్వే ప్రకారం అమెరికా మెడికల్ కాలేజీల్లో మొత్తం కోర్సులో దానికి సగటున 20 గంటలు కూడా దక్కలేదు, కనీసం 25 గంటలు ఉండాలని 1985లోనే సిఫారసు చేసినా సరే. ఆ లోటు పూడ్చాల్సిందే. పూడ్చినంత మాత్రాన చిప్స్ ప్యాకెట్ ఆగుతుందా అంటే, నాకైతే నమ్మకం లేదు.

ఎందుకంటే అసలు కథ రాత్రి రెండున్నరకి మొదలవుతుంది. ఇంటి నుంచి తెచ్చిన డబ్బా మూత తీసేసరికి ఏదో బెడ్ నుంచి బెల్ మోగుతుంది, వెళ్ళొచ్చి కూర్చుంటే ఇంకో బెల్, ఈలోగా డబ్బాలోది చల్లారిపోతుంది, చివరికి ఒక చేత్తో కేస్ షీట్ రాస్తూ రెండో చేత్తో తినగలిగేదే కడుపులోకి పోతుంది. అంటే బిస్కెట్లు, చిప్స్, లేదంటే కూల్ డ్రింక్.

పైగా ఒళ్ళు కూడా ఎదురు తిరుగుతుంది. 2004లో 12 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూస్తే, బాగా నిద్రపోయినప్పటితో పోలిస్తే కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. మనసు లాగింది కూడా తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీదకే. ఇది నోటి చాపల్యం కాదు, హార్మోన్ల పని.

తిన్నది ఏమిటన్నదే కాదు, ఎప్పుడు తిన్నామన్నదీ లెక్కే. 2021లో 19 మందితో ల్యాబ్‌లో నైట్ డ్యూటీ లాంటి పరిస్థితి కల్పించారు. రాత్రి కూడా తిన్నవాళ్ళలో రక్తంలో షుగర్ సగటున 6.4 శాతం పెరిగింది, పగలు మాత్రమే తిన్నవాళ్ళలో చెప్పుకోదగ్గంత పెరగలేదు. అమెరికాలో దాదాపు 1,77,000 మంది మహిళా నర్సులని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనాల్లోనూ షిఫ్టులు మారుతూ రాత్రిళ్ళు పనిచేసిన ఏళ్ళు పెరిగేకొద్దీ టైప్ 2 డయాబెటిస్ ముప్పు పెరిగింది. అందులో కొంత భాగం బరువు పెరగడం వల్ల.

మరి ఏం పనిచేస్తుంది? బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ క్యాంటీన్‌లో 2010లో ప్రతి పదార్థానికీ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తులు పెట్టారు: ఆకుపచ్చ అంటే ఒంటికి మంచిది, ఎరుపు అంటే కాదు. ఆ తర్వాత మంచినీళ్ళ సీసాలని చేతికందే చోట్ల సర్దారు. ఎవరికీ క్లాసు పీకలేదు. అయినా ఎరుపు గుర్తున్న కూల్ డ్రింకులు తగ్గాయి, నీళ్ళ సీసాల అమ్మకం సర్దిన తర్వాత పావు వంతు పెరిగింది.

రాత్రంతా ఏమీ తినకుండా ఉండడం ల్యాబ్‌లో కుదురుతుంది గానీ, రోగుల్ని లేపుతూ, తిప్పుతూ పరిగెత్తే వార్డులో అంత తేలిక కాదు. అసలు భోజనం షిఫ్టుకి ముందే ముగించి, నడిరాత్రి తేలిగ్గా ఏదైనా తింటే కొంత నయం. అయితే ఆ తేలికపాటిది ఆ వేళకి దొరకాలి, తినడానికి ఎవరూ పిలవని ఇరవై నిమిషాలూ ఉండాలి. క్యాంటీన్ సాయంత్రమే మూసేసే చోట ఈ రెండూ నర్సు చేతిలో ఉన్న విషయాలు కావు, డ్యూటీ చార్ట్ వేసేవాళ్ళ చేతిలో ఉన్నవి.