మానిటర్ లేని సర్వర్‌లో త్రీడీ బొమ్మలు: అపోహలు - వాస్తవాలు

కడప ల్యాబులో మూలన పెట్టిన సర్వర్‌కి మానిటర్ ఉండదు, పనంతా ఎస్‌ఎస్‌హెచ్‌లోనే, అంటే వేరే కంప్యూటర్ నుంచి కమాండ్లు కొట్టే. గండికోట లోయ త్రీడీ మోడల్ నుంచి రాత్రికి రాత్రి వెయ్యి బొమ్మలు తీయాలన్నా అదే దిక్కు.

అపోహ: విండో లేకుంటే ఓపెన్‌జీఎల్ (త్రీడీ బొమ్మలు గీయించే ఇంటర్‌ఫేస్) నడవదు.

దానికి కావాల్సింది కాంటెక్స్ట్ (గీసే పని సెట్టింగులు, స్థితి ఉండే చోటు), విండో కాదు. ఆ కాంటెక్స్ట్ ఈజీఎల్ అనే ఇంటర్‌ఫేస్ ఇస్తుంది: మెసాకి (లైనక్స్‌లో ఓపెన్ సోర్స్ గ్రాఫిక్స్ డ్రైవర్లు) సర్ఫేస్‌లెస్ ప్లాట్‌ఫామ్, ఎన్విడియా డ్రైవర్‌కి డివైస్ ప్లాట్‌ఫామ్. తర్వాత ఫ్రేమ్‌బఫర్ ఆబ్జెక్ట్ (స్క్రీన్‌కి బదులు గీసే చోటు) చేసి, కలర్, డెప్త్ (ఏది ఎంత దూరమో గుర్తుంచుకునేది) రెండు బఫర్లూ తగిలించి అందులో గీయాలి. డెప్త్ మరిస్తే వెనకాల కొండ ముందుకొస్తుంది. సర్ఫేస్ లేని కాంటెక్స్ట్‌లో వ్యూపోర్ట్ (బొమ్మ పడే ప్రాంతం సైజు) 0×0తో మొదలవుతుంది. విండో ఉంటే దాని సైజు దానంతటదే వస్తుంది, ఇక్కడ మనమే పెట్టాలి. ఆ ఒక్క లైను లేకపోతే ఎర్రరూ రాదు, బొమ్మా రాదు.

అపోహ: ఎక్స్‌వీఎఫ్‌బీ (మానిటర్ లేకుండా నడిచే డిస్‌ప్లే సర్వర్) పెడితే జీపీయూ వాడుకుంటుంది.

అది ర్యామ్‌లో కట్టిన ఉత్తుత్తి స్క్రీన్. గీసేది మామూలుగా సీపీయూ మీద నడిచే మెసా సాఫ్ట్‌వేర్ రెండరర్ ఎల్‌ఎల్‌వీఎంపైపే. నమ్మకం లేకుంటే రెండరర్ పేరు ప్రింట్ చేసి చూడండి.

అపోహ: జీపీయూ ముట్టుకోవాలంటే రూట్ (అడ్మిన్) కావాలి.

అక్కర్లేదు. లైనక్స్ 3.17 నుంచి రెండర్ నోడ్‌లు (స్క్రీన్ లేకుండా జీపీయూని వాడుకునే డివైస్ ఫైళ్లు) మామూలుగానే ఉంటాయి, మొదటిది రెండర్‌డీ128. చాలా డిస్ట్రోల్లో యూజర్‌ని రెండర్ గ్రూపులో చేర్చి, లాగవుటై మళ్లీ లాగినయితే చాలు. పర్మిషన్ లేకపోతే మెసా గమ్మున సాఫ్ట్‌వేర్‌కి దిగిపోవచ్చు. బొమ్మ వస్తుంది, కాకపోతే నిదానంగా. అందుకే ఈ తప్పు తొందరగా దొరకదు.

అపోహ: బొమ్మ తలకిందులైనా, వంకరైనా డ్రైవర్‌దే తప్పు.

పాపం డ్రైవర్! గీసిన పిక్సెల్‌లు చదివే ఓపెన్‌జీఎల్ ఫంక్షన్ రీడ్‌పిక్సెల్స్ కింది వరుస నుంచి ఇస్తుంది, పీఎన్‌జీ పై వరుస నుంచి మొదలవుతుంది. వరుసలు తిరగేసి రాయాలి. వంకర సంగతి వేరు. 1023 పిక్సెల్‌ల వెడల్పు ఆర్‌జీబీ బొమ్మలో పిక్సెల్‌కి 3 బైట్ల చొప్పున వరుసకి 3069 బైట్లు. ప్యాక్ అలైన్‌మెంట్ (వరుస మొదలయ్యే చోటు ఎన్ని బైట్ల గుణిజమో చెప్పే సెట్టింగ్) మామూలుగా 4 కాబట్టి వరుసలు 3072 బైట్లకొకటి చొప్పున మొదలవుతాయి. మిగిలిన 3 బైట్లు ఒక పిక్సెల్ అంత. అందుకే వరుసకో పిక్సెల్ చొప్పున జరిగి కోట గోడ ఏటవాలుగా పడుతుంది. బఫర్ 3069 లెక్కన తీసుకుంటే మెమరీ దాటి రాసి ప్రోగ్రామే పడిపోవచ్చు. అలైన్‌మెంట్ 1 చేయండి, లేదా పిక్సెల్‌కి 4 బైట్లుండే ఆర్‌జీబీఏలో చదవండి.

అంచులు నున్నగా రావడానికి పిక్సెల్‌కి చాలా శాంపుల్‌లు దాచే మల్టీశాంపుల్ బఫర్‌ని నేరుగా చదవబోతే ఇన్‌వాలిడ్ ఆపరేషన్ ఎర్రర్ వస్తుంది. ముందు మామూలు ఫ్రేమ్‌బఫర్‌లోకి బ్లిట్ (కాపీ) చేయాలి.

పాత ట్యుటోరియల్స్‌లో కనిపించే ఓఎస్‌మెసా (స్క్రీన్ లేకుండా మెమరీలో గీసే మెసా పాత పద్ధతి) జోలికి పోవద్దు, మెసా 25.1లో తీసేశారు.