చెవి దురదకు పాదాల సాక్ష్యం

తిరుపతిలో అక్టోబరు దాటితే ఈశాన్య రుతుపవనాల వానలు. వాటితోపాటే మా లాబ్రడార్ తల విదిలింపులూ మొదలయ్యేవి. చెవిడొప్ప ఎత్తి చూస్తే లోపలంతా ఎరుపు, గోధుమరంగు గులిమి, పులిసిన పిండి వాసన. పశువైద్యుడు చుక్కల మందు రాసేవారు. వారం తిరిగేసరికి వాసన పోయేది, నెల తిరిగేసరికి మళ్లీ వచ్చేది. మూడేళ్లపాటు ఈ నేరాన్ని వాన మీదే మోపాను. వేసవిలో కుక్క తన ముందు పాదాలను అదే పనిగా నాకడం రోజూ కళ్ల ముందే జరిగినా, దాన్ని చెవితో ముడిపెట్టి చూడాలని తోచలేదు.

మన చెవి నాళం రెండున్నర సెంటీమీటర్ల పొడవుండే, దాదాపు తిన్నని దారి. కుక్కది అలా కాదు. ముందు నిలువుగా కిందికి దిగి, అక్కడ మలుపు తిరిగి, అడ్డంగా లోపలికి వెళ్లి కర్ణభేరిని చేరుతుంది. దిగిన తేమ, గులిమి తమంతట తాము పైకి రావడం కష్టం. దీనికి ప్రకృతి చేసిన ఏర్పాటు ముచ్చటైనది. కర్ణభేరి మీద పుట్టిన చర్మకణాలు నెమ్మదిగా బయటివైపు జరుగుతూ, గులిమినీ మృతకణాలనూ మోసుకొస్తాయి. ఆరోగ్యంగా ఉన్న చెవి తనను తానే ఊడ్చుకుంటుందన్నమాట. నాళం వాచిందంటే ఈ ఊడ్పు ఆగిపోతుంది. గ్రంథులు ఉబ్బి గులిమిని ఎక్కువగా స్రవిస్తాయి, దారి ఇరుకవుతుంది, లోపల ఉక్క పెరుగుతుంది.

ఇక అక్కడ పెరిగేవి ఎక్కడినుంచో వచ్చిన శత్రువులు కావు. మలసేజియా అనే ఈస్ట్, స్టెఫైలోకాకస్ జాతి బ్యాక్టీరియా మామూలు రోజుల్లోనూ కుక్క చర్మం మీద కాపురముండేవే. ఉక్కా జిడ్డూ దొరికాక విజృంభిస్తాయి. చుక్కల మందు వాటి సంఖ్యను తగ్గిస్తుంది, అందులోని స్టెరాయిడ్ వాపును దించుతుంది. నాళం ఎందుకు వాచిందన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోతుంది.

కుక్కల్లో ఈ వాపు పదేపదే రావడానికి ఎక్కువగా కనిపించే కారణం అలర్జీ. చెవి నాళం లోపలున్నదీ చర్మమే కదా! దుమ్ములోని సూక్ష్మకీటకాలో, పుప్పొడో, తిండో పడనప్పుడు పాదాలు, పొట్ట, చంకలతోపాటు చెవీ ఎర్రబడుతుంది. కొన్ని కుక్కల్లో చెవి ఒక్కటే బయటపడే లక్షణం. వేలాడే చెవులు, ఈత సరదా, వాన తేమ దీనికి తోడు దొంగలు. కారణాలు ఇంకా ఉన్నాయి: కుక్కపిల్లల్లో చెవి పురుగులు, హఠాత్తుగా ఒక్క చెవికే వస్తే లోపల దిగిన గడ్డిముల్లు, వయసు మళ్లిన వాటిలో థైరాయిడ్ లోపం.

అందుకే ప్రతిసారీ గులిమిని గాజు పలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపులో చూడాలి. అయిదు నిమిషాల పని. ఈస్టా, గుండ్రటి బ్యాక్టీరియానా, మొండిదైన సూడోమొనాస్ లాంటి కడ్డీల ఆకారపు బ్యాక్టీరియానా అన్నది తేలకుండా వేసే మందు గాలిలో బాణమే. కిందటేటి సీసాలో మిగిలిన చుక్కలు వేయడం మరీ ప్రమాదం. కర్ణభేరి చిల్లుపడి ఉంటే జెంటామైసిన్ లాంటి మందులు లోపలి చెవిని దెబ్బతీసి వినికిడినే పోగొట్టవచ్చు. వెల్లుల్లి వేసి కాచిన నూనె సంగతి సరేసరి. మలసేజియాకు కొవ్వంటే మహా ప్రీతి, మనం దానికి విందు చేస్తున్నట్టు. దూదిపుల్ల పెడితే గులిమి మలుపు దాటి ఇంకా లోపలికి పోతుంది. వైద్యుడు చెప్పిన శుభ్రపరిచే ద్రావణం పోసి, చెవి మొదట్లో మెల్లగా మర్దించి వదిలేస్తే మిగతా పని కుక్కే విదిలించి చేస్తుంది. మీరు రెండడుగులు వెనక్కి జరిగితే చాలు.

తిండి అలర్జీని తేల్చడానికి రక్తపరీక్షలు నమ్మదగినవి కావు. కుక్క ఎన్నడూ తినని మాంసకృత్తుతో కనీసం 8 వారాలు గడపాలి, మరొకటి ముట్టకూడదు. మా కుక్క పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తిన్నది చికెన్ అన్నం, పెరుగన్నం. కోడిమాంసం, పాల పదార్థాలు రెండూ కుక్కలకు తరచూ పడనివాటిలో ముందు వరసలో ఉన్నాయని అప్పుడు తెలిసింది. ముళ్లు తీసిన చేప, చిలగడదుంపలతో మొదలుపెట్టాం.

ఆరో వారంలో కొండ మీదినుంచి వచ్చిన చుట్టం ఒకాయన చిటికెడు లడ్డూ ప్రేమగా దాని నోట్లో పెట్టారు. ప్రసాదం వద్దనడానికి ఎవరికి నోరొస్తుంది? నెయ్యి మాట అటుంచి, లడ్డూలోని కిస్మిస్ కుక్కల మూత్రపిండాలకు విషం కాగలదు. అదృష్టం, ఆ ముక్కలో కిస్మిస్ లేదు. లెక్క మాత్రం మళ్లీ ఒకటో రోజుకు వచ్చింది.

రెండో విడత 8 వారాలు సరిగ్గా వానాకాలంలో పడ్డాయి. చెవులు పొడిగానే ఉన్నాయి. ఆ తర్వాత, వైద్యుడు చెప్పిన ప్రకారం, పరీక్ష కోసమే మళ్లీ చికెన్ పెట్టాం. అయిదో రోజు తెల్లవారుజామున చప్పుడైతే లేచి చూశాను. వరండాలో కూర్చుని ముందు పాదాలు నాకుతోంది.