చల్లారినా మండే మిరపకాయ

చిట్టితల్లికీ, బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో బుజ్జిగాడు అడిగిన ప్రశ్నకు అప్పుడే జవాబు చెబుదామనుకున్నాను. ఇంతలో ఇక్కడ కరెంటు పోయింది. ప్రశ్న మాత్రం చాలా మంచిది. "మమ్మీ ఎయిర్ ఫ్రయ్యర్‌లోంచి తీసిన, చీజ్ కూరిన హలపేన్యో మిరపకాయ చల్లారేదాకా ఆగాను తాతయ్యా. ముట్టుకుంటే చల్లగానే ఉంది. మరి నోట్లో పెట్టుకుంటే ఎందుకు మండింది?" అన్నాడు. వెనకనుంచి చిట్టితల్లి, "అసలు నూనెలో వేయకుండా అది ఎలా వేగింది?" అంది. రెండూ వేడి గురించిన ప్రశ్నలే కానీ ఆ రెండు వేడులూ ఒకటి కావు. ఒకటి ఆ ఎయిర్ ఫ్రయ్యర్ పెట్టెలోది, ఒకటి కాయలోది. ముందు పెట్టె సంగతి చూద్దాం.

ఆ పెట్టెలో పైన ఎర్రగా కాలే కాయిల్ ఒకటి, దాని దగ్గరే ఫ్యాను ఒకటి ఉంటాయి. ఫిలిప్స్ వాళ్లు 2010లో ఎయిర్ ఫ్రయ్యర్ పేరుతో దాన్ని అమ్మకానికి పెట్టారు. మీకది వంటింటి యంత్రం. నాకు మాత్రం దాన్ని చూస్తే గాలి తోలే రోజున మా మిరప కల్లం కనిపిస్తుంది.

మా చిన్నప్పుడు సంక్రాంతి వెళ్లాక మిరప కోతలు ఊపందుకునేవి. పండు కాయలు కోసుకొచ్చి కల్లంలో ఆరబోసేవాళ్లం. కోసిన రోజున కాయ నున్నగా, బరువుగా, వేలితో నొక్కితే మెత్తగా ఉండేది. రోజులు గడిచేకొద్దీ ముడతలు పడి, చివరికి చేతిలోకి తీసుకుని ఊపితే లోపల గింజలు గలగలమనేవి. ఆ చప్పుడు వినిపిస్తేనే మా నాన్న కాయ ఎండిందని ఒప్పుకునేవాడు. పొద్దుగూకితే మంచు పడుతుందని కుప్ప చేసి పట్టాలు కప్పడం, పొద్దెక్కాక మళ్లీ పరవడం పిల్లల పని. బడికి వెళ్లేలోపు అది అయిపోవాలి. "పలచగా పొయ్యండిరా, ఒకదాని మీద ఒకటి పడకుండా" అని నాన్న అరుస్తూనే ఉండేవాడు. మందంగా పోస్తే అడుగు కాయలకు గాలి తగలదు. అవి రంగు పోయి తాలు కాయలవుతాయి, ధర సగానికి పడిపోతుంది.

అక్కడే నేనొకటి గమనించాను. ఎండ ఒకేలా ఉన్నా, గాలి స్తంభించిన రోజున కాయ ఆరేది కాదు. గాలి తోలిన రోజున చూస్తుండగానే ముడత పడేది. కాయలోంచి తేమ బయటికొచ్చి దాని ఒంటినే అంటుకుని ఉంటుంది. గాలి వచ్చి ఆ తేమను ఊడ్చుకుపోతే కొత్త వేడిగాలి వచ్చి కాయను తాకుతుంది. ఫ్యాను చేసేదీ ఇదే. మామూలు ఓవెన్‌లో వేడి ఉంటుంది కానీ గాలి అంతగా కదలదు. మీ పెట్టెలో చిన్న జాగాలో 375 డిగ్రీల ఫారన్‌హీట్ గాలి, అంటే ఇక్కడి లెక్కలో 190 డిగ్రీలు, సుడులు తిరుగుతూ ఉంటుంది. పైతడి పోనంతకాలం ఏ పదార్థమూ ఎర్రబడదు. తడి పోయిందంటే ఇక రంగు రావడం, కరకరలాడడం మొదలు. మూకుడులో కాగే నూనె చేసేదీ అదే: పైతడిని లాగేయడం. బజ్జీ వేయగానే బుసబుసమని పైకొచ్చే బుడగలన్నీ ఆవిరై పోతున్న నీళ్లే.

మా నాన్న చెప్పిన కల్లం కట్టుబాట్లే మీ బుట్టకూ పెట్టండి. కాయల్ని సగానికి చీల్చి, కోసిన ముఖం పైకి వచ్చేలా ఒకే వరసలో పేర్చాలి. కాయకీ కాయకీ మధ్య గాలి పోయేంత సందు ఉండాలి. ఒకేసారి అయిపోవాలని ఒకదాని మీద ఒకటి ఎక్కించారంటే మెత్తగా ఉడుకుతాయి తప్ప వేగవు. పైన చల్లే బ్రెడ్ పొడిని పొడిగానే చల్లితే ఫ్యాను గాలికి ఎగిరిపోతుంది, కల్లంలో పొట్టు ఎగిరినట్టే. అందుకే ఆ పొడిలో ఒక చెంచా నూనో కరిగించిన వెన్నో కలిపి, చీజ్ మీద వేలితో అదమాలి. నూనె పూసుకున్న పొడి త్వరగా బంగారు రంగుకు వస్తుంది కూడా. ఒక్క తేడా ఉంది. కల్లంలో కాయ గింజదాకా ఎండాలి, దానికి రోజులు పడుతుంది. ఇక్కడ ఎనిమిది నుంచి పది నిమిషాలే కాబట్టి పైన ఎర్రబడే వేళకు లోపలి కండ ఇంకా రసంగానే ఉంటుంది. ఆ రసం కోసమే కదా తినడం.

అమ్మమ్మ అడిగింది: మిరపకాయ బజ్జీ కూడా ఇందులో వేయొచ్చా అని. వద్దనే నా మాట. జారుగా ఉండే శనగపిండి కాగిన నూనెలో పడగానే బిగుసుకుంటుంది. గాలిలో బిగుసుకునేలోపే బుట్ట కన్నాల్లోంచి కారిపోతుంది. బజ్జీకి మూకుడే సరైన చోటు.

ఇక చీజ్. మీ అమ్మ ఎనిమిది ఔన్సుల క్రీమ్ చీజ్ ప్యాకెట్‌ను ముందే ఫ్రిజ్‌లోంచి తీసి మెత్తబడనిచ్చి, ఒక కప్పు చెడ్డార్ చీజ్ తురుము, కాస్త వెల్లుల్లి, కొత్తిమీర కలిపిందని చెప్పింది. బాగా చేసింది. చెడ్డార్ ఒక్కటే పెడితే కరిగి కారిపోతుంది. క్రీమ్ చీజ్ దాన్ని పట్టి ఉంచుతుంది. అంచుకు సమంగా నింపండి, గోపురంలా వద్దు. ఇక్కడ అమ్మమ్మ బజ్జీ మిరపకాయల్లో పనీర్ పెట్టి చూసింది. నిమ్మరసంతో విరిచిన పాలది కాబట్టి పనీర్ ఎంత వేడికీ కరగదు. మెత్తబడుతుంది, అంతే. రుచి బాగుంది, తీగ మాత్రం సాగలేదు.

ఇప్పుడు బుజ్జిగాడి ప్రశ్న. కాయలో ఉన్న పదార్థం పేరు క్యాప్సైసిన్. మన నాలుకలో, చర్మంలో వేడిని పసిగట్టే ఏర్పాటు ఒకటుంది. 43 డిగ్రీల సెల్సియస్ దాటితే "కాలుతోంది" అని అది మెదడుకు కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ వెళ్లి సరిగ్గా దాన్నే తాకుతుంది. వేడి లేకపోయినా అదే కబురు వెళుతుంది. మెదడు నమ్మేస్తుంది, చెమట పట్టిస్తుంది, కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది. కాబట్టి కాయ చల్లారినా, ఫ్రిజ్‌లో పెట్టినా మండుతుంది. ఆ కాసేపటి వేడికి క్యాప్సైసిన్ చెక్కుచెదరదు కూడా. ఈ ఏర్పాటును 1997లో డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త బృందం క్యాప్సైసిన్ సాయంతోనే కనిపెట్టింది. 2021లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మిరపకాయ ఎందుకు మండుతుందన్న ప్రశ్నను అంత పెద్దాయన అన్నేళ్లు పట్టుకుని కూర్చున్నాడు, బుజ్జీ.

మండితే నీళ్లు తాగకు. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నోరంతా పాకుతుంది. కొవ్వులో కరుగుతుంది. పాలలో ఉండే కేసీన్ అనే మాంసకృత్తి దాన్ని పట్టుకుని లాక్కుపోతుంది. అంటే మీరు తింటున్న కాయ పొట్టలోని చీజ్‌లోనే దాని విరుగుడు కూడా ఉందన్నమాట. మా నానమ్మ చల్ల మిరపకాయలు పెట్టేది. కాయల్ని నిలువునా చీరి రాత్రి ఉప్పు మజ్జిగలో నానేసి, పగలు ఎండబెట్టేది. అలా కొన్నాళ్లు చేస్తే ఎంత ఘాటు కాయైనా సాధువయ్యేది. మెక్సికోలో పొబ్లానో మిరపకాయల్లో చీజ్ కూరి వండుకునే అలవాటు ఎప్పటినుంచో ఉంది. మిరపకాయకు పాలను తోడిచ్చే తెలివి రెండు చోట్లా ఉంది.

నీళ్లు చాలవని మా ఊరి కూలీ ఆడవాళ్లకు ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు. పగలంతా కాయలు ఏరితే సాయంత్రానికి వేళ్లు భగభగమండేవి. నానమ్మ వాళ్ల చేతుల్లో కాస్త నూనె పోసేది, రుద్దుకుని తర్వాత కడుక్కునేవాళ్లు. ఆ మంటతోనే ఇంటికెళ్లి పొయ్యి రాజేసి పిల్లలకు అన్నం వండేవాళ్లు. మీ పళ్లెంలో ఏ మిరపకాయ కనిపించినా దాన్ని కోసిన చేతులుంటాయి. సగం కొరికి పారేయకండి. చీల్చేటప్పుడు గ్లోవ్స్ వేసుకోండి, కళ్లు నలుపుకోకండి. పెట్టె తెరిచేటప్పుడు ముఖం దగ్గర పెట్టకండి, ఆ ఘాటుకు పొలమారుతుంది. గుంటూరు మిర్చి యార్డులో అడుగు పెడితే తుమ్మకుండా నాలుగడుగులు వేసినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

మీకు తెలుసో లేదో, మన గుంటూరు మిరపకాయా మీ హలపేన్యో ఒకే జాతి. వాళ్ల పుట్టిల్లు మెక్సికో. హలపేన్యోకి ఆ పేరు అక్కడి హలాపా పట్టణం నుంచే వచ్చింది. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా మన దేశంలో మిరపకాయే లేదు, కారమంటే మిరియాలే. మన కాయను మనం సొంతం చేసుకున్నట్టే మీ టెక్సస్ వాళ్లు 1995లో హలపేన్యోని రాష్ట్ర మిరపకాయగా ప్రకటించుకున్నారు. మీరు పుట్టింటి పక్కనే ఉన్నారు, నేను అత్తవారింట్లో ఉన్నాను. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు భలే సంతోషంగా ఉంటుంది.

ఇంకో విచిత్రం. మా చేలో రామచిలకలు పండు మిరపకాయల్ని హాయిగా కొరుక్కుతినేవి. వాటికి కారం తగలదు. పక్షుల్లో ఆ ఏర్పాటు క్యాప్సైసిన్‌ను పట్టించుకోదు. చాలా పక్షులు గింజను నమలకుండా మింగి, ఎక్కడో దూరంగా వదులుతాయి. ఎలుకలాంటి జంతువులు గింజను కొరికి పాడుచేస్తాయి. నోరూ కాళ్లూ లేని ఒక మొక్క తన గింజను ఎవరు మోయాలో, ఎవరు ముట్టకూడదో ఏర్పరచుకుంది! అది ఎలా సాధ్యమైందో పొడవుగా రాయొచ్చు గానీ, నాకు రాయాలనిపించడం లేదు. చిలకను తలుచుకుని కూర్చోవాలనిపిస్తోంది.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. ఈసారి కాయలు చీల్చాక అమ్మ చెంచాతో లోపలిది గీకేయబోతుంటే ఒక్క నిమిషం ఆపండి. తొడిమ దగ్గరనుంచి కిందికి దిగే తెల్లటి పొర కనిపిస్తుంది, గింజలు దాన్నే అంటిపెట్టుకుని ఉంటాయి. భూతద్దంతో చూస్తే దాని మీద అక్కడక్కడా పసుపు ఛాయ తగులుతుంది. చాలామంది కారం గింజల్లో ఉందనుకుంటారు, అసలు కొట్టు ఆ పొర. అది గీకేస్తే కారం చాలా తగ్గుతుంది. బుజ్జిగాడి కాయలో పూర్తిగా గీకండి, చిట్టితల్లి కాయలో కొంచెం ఉంచండి. పక్కన పెరుగు గిన్నె పెట్టుకుని, అమ్మ ఎదురుగా ఉన్నప్పుడే, పచ్చి కాయ కొసను ఒక ఆవగింజంత, తొడిమ దగ్గర కండను ఒక ఆవగింజంత నాలుక మీద పెట్టుకోండి. కాయ పైన సన్నటి గోధుమరంగు గీతలున్న వాటినీ, నున్నగా ఉన్న వాటినీ విడివిడిగా రుచి చూడండి. ఏది ఎక్కువ మండిందో రాసి పంపండి. అమ్మమ్మా నేనూ ఇక్కడ మన కాయలతో అదే పని చేసి ఉంచుతాం.

మీ తాతయ్య