పిడికెడు బియ్యం, పత్తి మొగ్గ

నంద్యాల, జమ్మలమడుగు వైపు పల్లెల్లో క్రైస్తవ ఇళ్ల ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం వాటిని చెంగున ముడేసుకొచ్చి గుళ్లో గంపలో పోస్తారు. ఇంట్లో మిగిలినవి కావవి. కూలి దొరకని వారంలోనూ ఆ పిడికెడు తప్పదు. దిక్కులేని పిల్లల కోసం సీమలో క్రైస్తవ స్త్రీలు చేస్తున్న పనికి మొదలెక్కడంటే నేను ఆ గంపనే చూపిస్తాను.

కడపలో లండన్ మిషన్ పని 1822లో మొదలైంది. నంద్యాల, ముత్యాలపాడు వైపు ఆంగ్లికన్ మిషన్ వచ్చింది. 1876-78 నాటి ధాత కరువు సీమను పీల్చేసింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గారు. అమ్మానాయనలు పోయిన పిల్లలకు మిషన్ కాంపౌండ్లు నీడయ్యాయి. ఆ చరిత్రలో దొరల పేర్లు, దొరసానుల పేర్లు ఉంటాయి. వాళ్లతో పాటు వాడవాడా తిరిగి అక్షరాలు దిద్దించిన మాల, మాదిగ బైబిలు స్త్రీల (బైబిలు చదివి వినిపించేవాళ్ల) పేర్లు వెతుక్కోవాలి. ఇది నన్నెప్పుడూ బాధించే సంగతి.

అదంతా దయతో చేసిన పని. పెట్టే చెయ్యి ఆగిపోతే బిడ్డ దేన్ని చూపించి అడగాలి? ఈ ప్రశ్నకు ప్రపంచం ముందు జవాబు పెట్టింది కూడా ఒక క్రైస్తవ స్త్రీయే. ఇంగ్లండుకు చెందిన ఎగ్లంటైన్ జెబ్, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత శత్రుదేశాల్లో ఆకలితో ఉన్న పిల్లల కోసం 1919లో సేవ్ ది చిల్డ్రన్ స్థాపించింది. ఆమె రాసిన బాలల హక్కుల ప్రకటనను 1924లో నానాజాతి సమితి ఆమోదించింది. తన దగ్గరున్న మేలైనదంతా మానవజాతి బిడ్డకు బాకీ ఉందన్నది దాని సారం. ముష్టికీ బాకీకీ తేడా మన ఊళ్లో ఎవరికి తెలియదు? 1989లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక వచ్చింది, 1992లో భారత్ దానికి ఒప్పుకుంది.

ఆ రోజుల్లోనే నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల చేలల్లో విత్తనాల కోసం వేసే సీడు పత్తి ఊపందుకుంది. రెండు రకాల పత్తిని కలిపే క్రాసింగ్ పనికి ఆడపిల్లలే కావాలన్నారు. సాయంత్రం మొగ్గ పొర గోటితో ఒలిచి, లోపలి కేసరాలు తీసేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు పుప్పొడి దానికి అద్దాలి. పూత ఉన్నన్నాళ్లూ ఒక్కరోజు మానడానికి లేదు. బడి గంట కొట్టే వేళా, పుప్పొడి అద్దే వేళా ఒకటే. సీజను మొదట్లోనే నాయన చేతికి అడ్వాన్సు ముట్టేది, ఆ బాకీ బిడ్డ వేళ్లతో తీరేది. 1986 బాలకార్మిక చట్టంలోకి పొలం పని చాలావరకు రానే లేదు. పద్నాలుగేళ్లలోపు వాళ్లను ఏ పనిలోనూ పెట్టకూడదన్న మాట 2016 సవరణతో గానీ రాలేదు, అదీ సొంత కుటుంబం చేసుకునే పనికి మినహాయింపుతో.

ఆ పిల్లల్లో మన సంఘాల పిల్లలూ ఉన్నారు. ఆదివారం కీర్తన పాడిన నోళ్లే సోమవారం మందు కొట్టిన చేలో దగ్గాయి. ప్రసంగ పీఠాల మీద నుంచి ఆ చేల మాట నేను విన్నది చాలా తక్కువ. 2013లో సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం) తన మొదటి మహిళా బిషప్‌గా ఇ. పుష్పలలితను అభిషేకించి నంద్యాల అధ్యక్ష మండలం అప్పగించింది. ఆ కబురు విన్నరోజు నాకు ముందుగా మెదిలింది ఈ చేలే.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. హాస్టలు కట్టి పిల్లల్ని చేర్చుకోవడమే సేవ అని మనవాళ్లు చాలాకాలం నమ్మారు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం బిడ్డకు మొదటి చోటు కుటుంబమే, ఆశ్రమం ఆఖరి దారి. ఏ హోమైనా రిజిస్టరు కావాలి, బిడ్డ సంగతి బాలల సంక్షేమ సమితికి తెలియాలి.

అందుకే ఇప్పుడు పని వీధిలోకి వచ్చింది. ఏ ఇంట్లో పదో తరగతి పిల్లకు సంబంధం చూస్తున్నారో ముందుగా పసిగట్టేది పక్కింటి ఆడమనిషే. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయగలిగేదీ ఆమే, రేపు ఆ ఇంటివాళ్ల మాటలు పడేదీ ఆమే. కోసిగి, మంత్రాలయం వైపు జనం సుగ్గికని, అంటే కోతల కూలికి వలసగా, గుంటూరు మిరప చేలకు బయలుదేరే ముందు, ఏ పిల్లలు అవ్వ దగ్గర ఉంటారో, ఎవరికి సీజనల్ హాస్టల్లో చోటు అడగాలో ఇల్లిల్లూ తిరిగి రాసుకోవాలి. మూటలు లారీ ఎక్కకముందే.